పాత క్యాబినెట్‌లోకి కొత్త ఏటీఎక్స్ బోర్డు: బిగింపు డైరీ

పని: ఇంతకాలం మైక్రో ఏటీఎక్స్ బోర్డు ఉన్న మిడ్ టవర్ క్యాబినెట్‌లోకి పూర్తి సైజు ఏటీఎక్స్ మదర్‌బోర్డు ఎక్కించడం. ప్రాసెసర్ ఏఎం5 సాకెట్‌ది (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). రెండు డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు, ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డు మీదే బిగించే సన్నటి స్టోరేజి పట్టీ), ఒకే ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్, విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) క్యాబినెట్ అడుగున కూర్చుంటుంది.

పైకి చూస్తే ఇది తొమ్మిది స్క్రూల పని. అయితే బోర్డులు పాడయ్యేది ఎక్కువగా ఆ స్క్రూల కింద కనబడకుండా నిలబడే ఇత్తడి స్టాండాఫ్‌ల (బోర్డును ట్రేకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్ళ) వల్లే. అందుకే ఈ డైరీలో సగం బోర్డు డబ్బాలోంచి బయటికి రాకముందు జరిగిన పనే.

విడత 1: ఖాళీ ట్రే, లెక్క

రెండు పక్క తలుపులూ ఊడదీసి, మదర్‌బోర్డు ట్రే (బోర్డు బిగించే లోహపు పలక) పైకి కనబడేలా క్యాబినెట్‌ను బల్ల మీద పడుకోబెట్టాం. నిలబెట్టి బోర్డు బిగించాలని చూస్తే ఒక చెయ్యి బోర్డును పట్టుకోవడానికే సరిపోతుంది. స్క్రూ జారితే ఎక్కడ పడిందో వెతుక్కోవాలి.

ట్రే మీద పాత బోర్డు తాలూకు స్టాండాఫ్‌లు 8 ఉన్నాయి. పై వరసలో 3, మధ్య వరసలో 3, దాని కింద వరసలో 2. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244 మి.మీ. అంటే పొడుగులో 61 మి.మీ. తేడా. పై వరస, మధ్య వరస రెండు సైజులకీ ఒకటే. మూడో వరసే వేరు. మైక్రో బోర్డు మూడో వరస పెద్ద బోర్డు పొట్ట కిందికి వస్తుంది. అక్కడ దానికి రంధ్రం ఉండదు.

ఆ వరసలోని రెండు స్టాండాఫ్‌లనూ చూడకుండా వదిలేసి పెద్ద బోర్డును పైన కూర్చోబెడితే ఏమవుతుంది? స్టాండాఫ్ ట్రేకి తగిలి ఉంటుంది, ట్రే ఎర్త్‌కి. బోర్డు ఆ భాగంలో వెనక వైపు పీసీఐఈ స్లాట్ల (గ్రాఫిక్స్ కార్డు లాంటివి గుచ్చే చోట్ల) టంకం మొనలు, సన్నటి ట్రాకులు ఉంటాయి. స్లాట్‌లో 12 వోల్టుల పిన్నులూ 3.3 వోల్టుల పిన్నులూ ఉన్నాయి. 12 వోల్టుల మొన నేరుగా ఇత్తడికి ఆనితే ఎస్‌ఎంపీఎస్ రక్షణ పనిచేసి, ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. అది అదృష్టం కిందే లెక్క, తప్పు వెంటనే తెలిసిపోతుంది కాబట్టి. ఆనింది సిగ్నల్ మొన అయితే కంప్యూటర్ ఒకరోజు లేస్తుంది, ఒకరోజు లేవదు. తప్పు ర్యామ్‌దనో ప్రాసెసర్‌దనో అనుకుంటూ వారం గడిచిపోతుంది.

లెక్క కాగితం మీద రాసిపెట్టుకున్నాం. ట్రేలో 8, స్క్రూల సంచిలో విడిగా 2, మొత్తం 10. బోర్డుకి రంధ్రాలు 9. పని అయ్యాక బయట మిగలాల్సింది ఒక్కటే. రెండు మిగిలితే ఏదో ఒక రంధ్రం కింద ఆధారం లేదన్నమాట. ఒక్కటీ మిగలకపోతే బోర్డు కింద ఉండకూడని చోట ఒకటి దాగి ఉందన్నమాట.

స్క్రూలు కూడా లెక్కపెట్టి గిన్నెలో వేశాం. మదర్‌బోర్డుకి పనికొచ్చేవి 20.

ఈ స్క్రూల సంగతి కొంచెం చెప్పుకోవాలి. క్యాబినెట్ సంచిలో చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలు కలిసిపోయి వస్తాయి. ఒకటి 6-32 రకం: వ్యాసం దాదాపు 3.5 మి.మీ., మర దూరదూరంగా ఉంటుంది, ఒక చుట్టుకి 0.79 మి.మీ. దిగుతుంది. రెండోది ఎం3: వ్యాసం 3 మి.మీ., మర దగ్గరదగ్గరగా, చుట్టుకి 0.5 మి.మీ. ఎస్‌ఎంపీఎస్‌కీ, 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌కీ, చాలా క్యాబినెట్లలో మదర్‌బోర్డుకీ 6-32. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి ఎం3. గుర్తుపట్టడానికి స్కేలు అక్కర్లేదు. రెండు స్క్రూల మరలను ఒకదానికొకటి పక్కపక్కన ఆనించి వెలుతురుకి ఎత్తి చూడాలి. ఒకే రకమైతే పళ్ళు ఒకదాన్లో ఒకటి ఇమిడిపోతాయి. వేరైతే సందులోంచి వెలుతురు కనబడుతుంది.

ఎం3 స్క్రూని 6-32 స్టాండాఫ్‌లో పెడితే వదులుగా దిగుతుంది, సరైన పట్టు ఉండదు. తలకిందులుగా చేస్తే, అంటే 6-32 స్క్రూని ఎం3 స్టాండాఫ్‌లోకి తిప్పితే, ఒకట్రెండు మరల దగ్గరే బిగుసుకుపోతుంది. అక్కడ బలం ఉపయోగిస్తే ఇత్తడి మర చెరిగిపోతుంది. ఇత్తడి మెత్తన, ఓడిపోయేది అదే.

సంచిలోని రెండు స్టాండాఫ్‌లనూ స్క్రూ పెట్టి చూస్తే ఒకదానికి లోపలి మర 6-32, రెండోదానికి ఎం3. బయటి మర రెంటికీ ఒకటే, కాబట్టి ట్రేలో రెండూ చక్కగా దిగుతాయి. బోర్డు పైన పెట్టి తొమ్మిదో స్క్రూ తిప్పేదాకా తేడా తెలియదు. ఎం3 దాన్ని పక్కన పెట్టేశాం. మిగలాల్సిన ఒకటి అదే.

విడత 2: అట్ట నమూనా, స్టాండాఫ్‌ల మార్పిడి

ట్రే మీద ఏ, ఎం, ఐ అని అచ్చు గుర్తులు ఉన్నాయి. ఏటీఎక్స్‌కి ఏ, మైక్రోకి ఎం, ఇంకా చిన్న సైజైన మినీ ఐటీఎక్స్‌కి ఐ. గుర్తులు ఉన్నా అట్ట నమూనా మానలేదు. బోర్డుని దాని డబ్బాలోని పల్చటి అట్ట మీద పెట్టి, తొమ్మిది రంధ్రాల్లోంచీ పెన్సిల్‌తో గుండ్రాలు గీసి, బోర్డు చుట్టూ అంచు కూడా గీశాం. గుండ్రాలు కత్తిరించి, గీసిన ముఖం పైకి ఉండేలాగే అట్టను ట్రే మీద పరిచాం. తిరగేసి పరిస్తే ఎడమ కుడి అయి మొత్తం తప్పుతుంది.

అట్ట దించగానే విషయం కళ్ళకు కట్టింది. ఆరు స్టాండాఫ్‌లు రంధ్రాల్లోంచి తల బయటపెట్టాయి. మూడో వరసలోని రెండు అట్టను కిందనుంచి పొడుచుకుని రెండు బుడిపెల్లా లేచాయి. కింది అంచున మూడు రంధ్రాల్లోంచి ఖాళీ ట్రే రంధ్రాలు కనబడ్డాయి. బుడిపెలు రెండూ తీసి కింది వరసలో పెట్టడం, మూడోది సంచిలోంచి. పని అంతే.

తీయడానికీ బిగించడానికీ 5 మి.మీ. నట్ డ్రైవర్. కొన్ని క్యాబినెట్లతో స్టార్ స్క్రూడ్రైవర్ మొనకి తొడిగే చిన్న షట్కోణ టోపీ ఇస్తారు, అదీ సరిపోతుంది. ప్లయర్‌తో పట్టుకుంటే మూలలు అరిగి ఇత్తడి రజను రాలుతుంది. ఆ రజను బోర్డు దగ్గర ఉండకూడనిది. తప్పక వాడితే తర్వాత ట్రేని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

బిగువు: ముందు వేళ్ళతోనే చివరిదాకా తిప్పాలి. వేళ్ళతో దిగకపోతే మర అడ్డంగా పడిందని, వెనక్కి తీసి మళ్ళీ పెట్టాలి. అంచు ట్రేకి ఆనాక నట్ డ్రైవర్‌తో పావు చుట్టు. ఈ పావు చుట్టు ఎందుకో ఇప్పుడు తెలియదు, ఏడాది తర్వాత బోర్డు విప్పేటప్పుడు తెలుస్తుంది. స్టాండాఫ్ వదులుగా ఉంటే స్క్రూతో పాటు అదీ తిరుగుతుంది. స్క్రూ అనంతంగా తిరుగుతూనే ఉంటుంది, బయటికి రాదు. అప్పుడు ట్రే వెనక మర కొస బయటికి కనబడితే దాన్ని ప్లయర్‌తో పట్టుకుని పైన స్క్రూ విప్పడం ఒక దారి. కనబడకపోతే బోర్డుకీ ట్రేకీ మధ్య సందులోకి సన్నముక్కు ప్లయర్ దూర్చి స్టాండాఫ్‌ను పట్టుకోవాలి. అది అంచున ఉన్నవాటికే కుదురుతుంది. మధ్యది తిరగడం మొదలుపెడితే గంట పని.

ఎత్తు కూడా చూడాలి. మూడు వరసల మీద పొడుగాటి స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూలమూలకి ఆనించి, వెనక టార్చి పెట్టి చూశాం. స్కేలు కింద ఎక్కడైనా వెలుతురు గీత కనబడితే ఆ స్టాండాఫ్ పొట్టిదో, పూర్తిగా దిగనిది పక్కనుందో. వేర్వేరు సంచులవి కలిసినప్పుడు ఇది మామూలే. అర మిల్లీమీటరు తేడా చేతికి తెలియదు, కానీ స్క్రూ బిగించేసరికి బోర్డు ఆ అర మిల్లీమీటరూ వంగుతుంది.

కొన్ని క్యాబినెట్లలో మధ్య వరస నడుమ స్టాండాఫ్‌కి పైన మర ఉండదు, చిన్న మేకులాంటి మొన ఉంటుంది. అది బోర్డును చోటున నిలబెట్టడానికి. దాన్ని పీకాల్సిన పని లేదు, ఆ రంధ్రానికి స్క్రూ కూడా అక్కర్లేదు. మన ట్రేలో అది లేదు, తొమ్మిదికి తొమ్మిదీ స్క్రూలే.

ఎర్రటి కాగితపు వాషర్లు సంచిలో కనబడితే అక్కడే ఉంచేయండి. బోర్డు రంధ్రం చుట్టూ ఉన్న వెండిరంగు వలయం ఎర్త్‌కి కలిసే ఉంటుంది, స్క్రూ తల దానికి ఆనాలనే అలా పెట్టారు. వాషర్ కింద వేస్తే బోర్డు ఎత్తు పెరిగి, వెనక పోర్టులు షీల్డ్ (క్యాబినెట్ వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు) రంధ్రాల వరసకి రావు.

విడత 3: బల్ల మీద పరీక్ష

క్యాబినెట్‌లోకి వెళ్ళాక పని చేయలేదంటే తప్పు బోర్డుదా, బిగింపుదా అని తేల్చడానికి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం ఇప్పుడే తయారు చేసుకోవాలి.

బోర్డును దాని అట్టడబ్బా మీద పెట్టాం. అది వచ్చిన వెండిరంగు సంచి మీద కాదు. ఆ సంచిలో లోహపు పొర ఉంటుంది. నిల్వ ఉంచడానికి మంచిదే గాని, దాని మీద పెట్టి కరెంటు ఇస్తే మొనల మధ్య ఆ పొరే దారి అవుతుంది.

స్థిర విద్యుత్తు గురించి: మనిషి వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. చిప్పులు అంతకు చాలా తక్కువకే దెబ్బతినొచ్చు. కాబట్టి ‘ఏమీ తగల్లేదు’ అన్నది రుజువు కాదు. మణికట్టు పట్టీ వాడాం. దాని తీగలో 1 మెగా ఓం రెసిస్టర్ ఉంటుంది. పోగైన చార్జ్ మెల్లగా దిగిపోతుంది, పొరపాటున కరెంటు తీగ తగిలినా ఒంట్లోంచి పెద్ద ప్రవాహం పోదు. పట్టీ క్లిప్పును క్యాబినెట్ రంగు మీద పెడితే ప్రయోజనం లేదు. రంగు లేని లోహానికి, ఉదాహరణకి ఎస్‌ఎంపీఎస్ బిగించిన స్క్రూ తలకి పెట్టాలి. పట్టీ లేకపోతే బోర్డు తాకబోయే ప్రతిసారీ ఎస్‌ఎంపీఎస్ పెట్టెను చేత్తో ముట్టుకోవాలి. మనకీ క్యాబినెట్‌కీ బోర్డుకీ మధ్య వోల్టేజి తేడా లేకుండా చేయడమే ఇందులో అసలు కిటుకు. ప్లగ్ గోడలో ఉంచి స్విచ్ ఆపితే ఎర్త్ తీగ కలిసి ఉంటుందని కొందరు అలా చేస్తారు. ఎవరైనా ఆ స్విచ్ వేస్తే 5 వోల్టుల స్టాండ్‌బై (కంప్యూటర్ ఆపి ఉన్నా అందే సరఫరా) బోర్డులోకి వచ్చేస్తుంది. బిగించేటప్పుడు ప్లగ్ పీకి ఉంచడమే మేలు.

బోర్డు మీద బయటే పెట్టినవి: ప్రాసెసర్, ఎం.2 ఎస్‌ఎస్‌డీ, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఒక్క స్టిక్కు అయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్. ఎం.2 స్క్రూ చాలా చిన్నది, 2 మి.మీ. వ్యాసం. దీనికి సన్న స్టార్ మొన కావాలి, బోర్డు స్క్రూల మొన వాడితే తల చెడుతుంది. ఏఎం5 సాకెట్‌లో వెనక ప్లేటు సాకెట్‌తో పాటే బిగిసి ఉంటుంది కాబట్టి కూలర్ పట్టీలు విప్పినా కింద పడదు. ఏఎం4లో పట్టీలు విప్పితే వెనక ప్లేటు ఊడి చేతికొస్తుంది. ఇంటెల్ సాకెట్లకు వాడే చాలా కూలర్లకి వెనక ప్లేటు మనమే పెట్టాలి. ట్రేలో సాకెట్ వెనక పెద్ద కిటికీ ఉంటే బోర్డు దించాక కూడా పెట్టొచ్చు, లేకపోతే ముందే పెట్టి తీరాలి.

ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల తీగ, ప్రాసెసర్ 8 పిన్నుల తీగ ఇచ్చి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే మానిటర్ కలిపి, ముందు ప్యానెల్ పిన్నుల్లో (క్యాబినెట్ ముందు బటన్ల తీగలు పెట్టేవి) పవర్ బటన్‌వైన 6, 8 నంబర్లను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపాం. ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. డీడీఆర్5 మొదటిసారి ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, అప్పటిదాకా ర్యామ్ దీపం వెలుగుతూ ఉంటుంది. కంగారుపడి ఆపేస్తే మళ్ళీ మొదటికే. ఆగితే బయోస్ (బోర్డు సొంత సెట్టింగుల తెర) వచ్చింది. రెండో స్టిక్కు పెట్టి మళ్ళీ చూశాం, రెండూ కనబడ్డాయి.

ప్లగ్ పీకి, 6, 8 పిన్నులు మరోసారి కలిపి మిగిలిన చార్జ్ ఖాళీ చేసి, తీగలు విప్పాక మల్టీమీటర్ తీశాం. 24 పిన్నుల సాకెట్‌లో 3వ పిన్ను ఎర్త్. దానికీ మిగతావాటికీ మధ్య ఓంలు కొలిచి రాసుకున్నాం: 1వ పిన్ను (3.3 వోల్టులు), 4వ పిన్ను (5 వోల్టులు), 9వ పిన్ను (5 వోల్టుల స్టాండ్‌బై), 10వ పిన్ను (12 వోల్టులు). ఇంతే ఉండాలని అన్ని బోర్డులకీ వర్తించే అంకె లేదు. లోపల బిగించాక ఇవే అంకెలు మళ్ళీ రావాలి, అందుకే రాసుకోవడం.

విడత 4: షీల్డ్, ముందే లాగాల్సిన తీగ

ఈ బోర్డుకి ఐవో షీల్డ్ విడిగా వచ్చింది. ఈ మధ్య చాలా బోర్డులకి అది అతికించే వస్తోంది, మంచి మార్పు. విడిదాన్ని క్యాబినెట్ లోపలి నుంచి బయటికి నొక్కాలి. కిటికీ కొలత 158.75 × 44.45 మి.మీ. నాలుగు మూలలూ ‘టక్’మనాలి. అంచులు బ్లేడులా ఉంటాయి, స్క్రూడ్రైవర్ పిడితో నొక్కితే వేళ్ళు బతుకుతాయి. దీన్ని మర్చిపోయి తొమ్మిది స్క్రూలూ బిగించేయడం ఈ పనిలో అందరికీ ఒకసారి జరిగేదే. తొమ్మిదీ విప్పడమే మందు.

షీల్డ్ లోపలి వైపు స్ప్రింగులాంటి రేకు నాలుకలు ఉంటాయి. అవి పోర్టుల లోహపు తొడుగు మీద పైన ఆనాలి. చేటు చేసేవి నెట్‌వర్క్ పోర్టు, యూఎస్‌బీ పోర్టుల దగ్గరివి. నాలుక కిందికి వంగి ఉంటే బోర్డు జరిపేటప్పుడు పోర్టు నోట్లోకే దూరుతుంది. నెట్‌వర్క్ పోర్టులో దూరితే తీగ పట్టదు. యూఎస్‌బీలో దూరితే 5 వోల్టుల పిన్నును తొడుగుకి కలిపే ప్రమాదం ఉంది. ముందే వేలితో ఒక్కోదాన్నీ కొద్దిగా బోర్డు వైపుకి, పైకి వంచిపెట్టాం.

ప్రాసెసర్ 8 పిన్నుల తీగను ట్రే పై ఎడమ మూల రంధ్రంలోంచి లాగి బయట వేలాడదీశాం. కూలర్ పెట్టి ఉన్న బోర్డు లోపలికెళ్ళాక ఆ మూలకి చెయ్యి పోదు, రంధ్రంలో సగం బోర్డు అంచే మూసేస్తుంది. మిగతా తీగలన్నీ వెనక్కి లాగి తాత్కాలికంగా కట్టేశాం. బోర్డు కింద ముందు ప్యానెల్ తీగ ఒకటి చిక్కుకోవడం, పైనుంచి స్క్రూలు బిగించడం, బోర్డు మధ్యలో ఉబ్బడం, ఇదీ మామూలుగా జరిగే వరస.

కూలర్ ఫ్యాన్ క్లిప్పులు తీసి ఫ్యాన్ పక్కన పెట్టాం. బల్ల మీదే స్క్రూడ్రైవర్ నిలువుగా పెట్టి చూస్తే పై ఎడమ రంధ్రానికి కూలర్ రేకుల పక్కనుంచి 150 మి.మీ. కడ్డీ అందింది. అందకపోతే కూలర్ ఇక్కడే తీసేసి, బోర్డు బిగించాక కొత్త థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే ముద్ద) వేసి పెట్టుకోవాలి.

విడత 5: దించడం

మొత్తం ప్రాజెక్టులో ఇది పది నిమిషాలు. ఒక చెయ్యి కూలర్ అడుగున, మరో చెయ్యి బోర్డు కింది అంచున. పోర్టుల వైపు కొంచెం కిందికి వాల్చి, ముందు పోర్టులు షీల్డ్‌కి ఎదురుగా తెచ్చి, తర్వాత రెండో వైపు నెమ్మదిగా దించాలి. స్టాండాఫ్‌ల మీద ఆనాక బోర్డును ఈడ్చకూడదు. ఇత్తడి అంచు పైపూతను గీసి లోపలి రాగి ట్రాకును తెంపగలదు. జరపాలంటే ఎత్తి జరపాలి.

దించగానే రంధ్రాలు స్టాండాఫ్‌లకి ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకి కనబడ్డాయి. తప్పేం లేదు. షీల్డ్ నాలుకలు బోర్డును వెనక్కి తోస్తున్నాయి, అంతే. బోర్డు పక్క అంచును అరచేత్తో షీల్డ్ వైపు నొక్కి పట్టుకుంటే రంధ్రాల నడిమధ్య ఇత్తడి మర కనబడింది. ఆ నొక్కుడు వదలకుండానే మధ్య వరస నడుమ స్క్రూ పెట్టాం.

స్క్రూ పెట్టే తీరు: మొన పెట్టి ముందు ఎడమకి, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పాలి. ఒకచోట స్క్రూ ‘టిక్’మని పిసరంత కిందికి దిగుతుంది. మర మొదలు అక్కడుంది. అక్కడినుంచి కుడికి తిప్పితే అడ్డమర పడదు. మూడు నాలుగు చుట్లు తిప్పి వదిలేయాలి, బిగించకూడదు. తర్వాత నాలుగు మూలలు, ఆ తర్వాత మిగిలిన నాలుగు, అన్నీ వదులుగానే. మొదటిదాన్ని గట్టిగా బిగిస్తే బోర్డు అక్కడికి లొంగిపోయి చివరి రంధ్రం కలవదు.

కింది కుడి మూల రంధ్రం కలవలేదు. స్టాండాఫ్ మర నెలవంకలా సగమే కనబడింది. స్క్రూని ఏటవాలుగా పెట్టి లాగితే దిగుతుంది, చాలామంది దించేస్తారు కూడా. అలా చేస్తే బోర్డు పక్కకి లాగబడి బిగువులో ఉండిపోతుంది. ఎనిమిదీ ఒక చుట్టు వదులు చేసి, షీల్డ్ వైపు మళ్ళీ నొక్కి, కిందికి ఒక వెంట్రుకవాసి జరిపితే తొమ్మిదోది నిలువుగా దిగింది.

బిగువు మీద పట్టింపు ఎందుకంటే, బోర్డు మీద గోధుమరంగు ఇటుకముక్కల్లా కనబడే చిన్న సెరామిక్ కెపాసిటర్లు వంగడాన్ని ఓర్చుకోవు. బోర్డు వంగితే వాటి కొస దగ్గర లోపల పగులు వస్తుంది, పైకి కనబడదు. ఆ పగులు తర్వాతెప్పుడో షార్ట్‌గా మారొచ్చు. పెద్ద చిప్పుల కింద ఉండే టంకం గుండ్లదీ అదే కథ.

అన్నీ పడ్డాక నడుమది, తర్వాత ఎదురెదురు మూలలు, చివర అంచులు. స్క్రూ తల వలయానికి ఆని తనంతట తాను ఆగేదాకా, ఆ పైన మణికట్టుతో పిసరు, చుట్టులో ఎనిమిదో వంతు. స్క్రూడ్రైవర్ పిడిని గుప్పిట్లో కాకుండా మూడు వేళ్ళతో పట్టుకుంటే మితిమీరదు. కరెంటు స్క్రూడ్రైవర్ ఈ పనికి వద్దు. ఆగాల్సిన చోటు చేతికి తెలియదు. జారితే మొన బోర్డు మీద గీత గీసుకుంటూ పోతుంది.

స్క్రూడ్రైవర్ మొన అయస్కాంతం అయితే భయమేం లేదు, ఇక్కడ చెడేదేం లేదు. లేకపోతే రంధ్రంలోకి స్క్రూ వదలడం అవస్థ.

విడత 6: తనిఖీ

కింది అంచు నుంచి టార్చి కొట్టి, అవతలి అంచు నుంచి చూశాం. బోర్డుకీ ట్రేకీ మధ్య సందు ఒకే మందంగా, వెలుతురు అడ్డం లేకుండా రావాలి. స్టాండాఫ్‌లు ఉన్నచోట మాత్రమే నీడ పడాలి. ఉండకూడనిది ఏదైనా ఉంటే ఇక్కడ కనబడుతుంది.

మల్టీమీటర్ ఒక కొస రంధ్రం వలయం మీది స్క్రూ తలకి, రెండోది ఎస్‌ఎంపీఎస్ పెట్టెకి: దాదాపు సున్నా రావాలి, వచ్చింది. తర్వాత 24 పిన్నుల సాకెట్‌లో రాసుకున్న నాలుగు కొలతలూ మళ్ళీ. నాలుగూ బల్ల మీది అంకెల దగ్గరే ఉన్నాయి. ఏదైనా ఒకటి సున్నా దగ్గరికి పడిపోయి ఉంటే, ఆ వోల్టేజి ఎక్కడో ట్రేకి ఆనిందని అర్థం, ఎస్‌ఎంపీఎస్ కలపకముందే బోర్డు పైకి లేపాలి.

‘బీప్’ మోడ్‌లో కొలవకపోవడం మంచిది. కెపాసిటర్లు నిండే క్షణంలో అది ఊరికే ఒకసారి కూస్తుంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కోర్ వోల్టేజి దగ్గర మామూలుగానే చాలా తక్కువ ఓంలు ఉంటాయి, అక్కడ కూతకి అర్థమే లేదు.

విడత 7: కనెక్టర్లు

24 పిన్నుల కనెక్టర్ గట్టిగా నొక్కితేగాని దిగదు. ఈ బోర్డు వెడల్పు పూర్తి 244 మి.మీ. కాబట్టి కుడి అంచున కూడా స్టాండాఫ్‌లు ఉన్నాయి, నొక్కుడును అవి మోస్తాయి. చౌక బోర్డులు కొన్ని సన్నగా వస్తాయి, ఆరు రంధ్రాలే ఉంటాయి, కుడి అంచు గాలిలో ఉంటుంది. అలాంటిదాన్లో ఈ కనెక్టర్ నొక్కితే బోర్డు విల్లులా వంగుతుంది. ఒక చేతి రెండు వేళ్ళు అంచు కింద పెట్టి, రెండో చేత్తో నొక్కాలి. ఇంకా నయం, బోర్డు లోపలికి వెళ్ళకముందే అంచు కింద ప్లాస్టిక్ ఆధారం ఒకటి అతికించుకోవడం. ప్లాస్టిక్‌ది అయితే రంధ్రం లేనిచోట ఆనినా షార్ట్ కాదు. ర్యామ్ కూడా ఆ అంచు పక్కనే కాబట్టి వాటిని బయటే పెట్టేయడానికి ఇదొక కారణం.

8 పిన్నుల తీగల్లో ప్రాసెసర్‌ది, గ్రాఫిక్స్ కార్డుది వేరు. ప్రాసెసర్‌ది 4+4గా విడిపోతుంది, కార్డుది 6+2గా. వాటి వోల్టేజి, ఎర్త్ అమరిక తలకిందులు. దిగకపోతే బలవంతం చేయొద్దన్నది ఇక్కడ ఉట్టి మాట కాదు.

ముందు ప్యానెల్ పిన్నులు రెండు వరసలు, 10వ చోట పిన్ను ఉండదు, దాన్ని బట్టి దిశ తెలుసుకోవాలి. 1, 3 డిస్క్ దీపం, 2, 4 పవర్ దీపం, వీటిలో మొదటిదే ప్లస్. 5, 7 రీసెట్, 6, 8 పవర్ బటన్, వీటికి ప్లస్ మైనస్ పట్టింపు లేదు. దీపం వెలగకపోతే తిప్పి పెడితే సరి.

యూఎస్‌బీ 3 తీగ లావుగా, బిరుసుగా ఉంటుంది. 19 పిన్నులు. తీసేటప్పుడు పక్కకి ఊపితే ప్లాస్టిక్ తొడుగుతో సహా బోర్డు నుంచి ఊడొస్తుంది. నిటారుగా లాగాలి. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే చివర.

విడత 8: కరెంటు

మొదట గ్రాఫిక్స్ కార్డు లేకుండానే వేశాం. బల్ల మీద ఎలా లేచిందో అలాగే లేచింది, ఈసారి తెర సెకన్లలో వచ్చింది. తర్వాత కార్డు.

బల్ల మీద లేచి లోపల లేవకపోయి ఉంటే వరస ఇది: ముందు ప్లగ్ పీకడం. ముందు ప్యానెల్ తీగలన్నీ తీసేసి, ప్లగ్ మళ్ళీ పెట్టి, 6, 8 పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కలిపి చూడటం, ఎందుకంటే లోపల ఇరుక్కుపోయిన రీసెట్ బటన్ కూడా ఇవే లక్షణాలు చూపిస్తుంది. ముందు యూఎస్‌బీ తీగ తీసి చూడటం. అప్పటికీ లేవకపోతే తొమ్మిది స్క్రూలూ విప్పి, బోర్డును అట్టడబ్బా ముక్క మీద ట్రే బయటే పెట్టి, అవే తీగలతో మళ్ళీ వేయడం. అప్పుడు లేస్తే ట్రే వైపు ఏదో ఆనుతోంది. వెనక్కి తిప్పి బోర్డు వెనక చూస్తే ఇత్తడి ఆనినచోట గుండ్రటి మచ్చ కనబడొచ్చు.

పక్క తలుపులు బిగించే ముందు లెక్క: గిన్నెలో స్క్రూలు 11. ట్రే బయట స్టాండాఫ్ ఒకటి, ఎం3 మరది.